గడ్డి ఎత్తడానికి అలాస్కా వెళ్తారు!

జీతం ఉండదు. విమానం ఛార్జీలు ఎవరూ ఇవ్వరు. కంటినిండా నిద్ర ఉండదు. ఇక చలి సంగతి సరేసరి. అయినా మార్చి వస్తోందంటే చాలు... ఎక్కడెక్కడివాళ్లో మూటాముల్లె సర్దుకుని అలాస్కా బాట పడతారు. కుక్కబండ్ల పందెంలో గెలవడానికి కాదు. కనీసం పాల్గొనడానికీ కాదు. కుక్కలు పడుకుని లేచిన గడ్డి ఎత్తిపోయడానికి!

అర్ధరాత్రి దాటి రెండు గంటలైంది. సున్నాకి కింద ముప్ఫై డిగ్రీల చలి. గడ్డకట్టిన నది మీద దూరంగా మిణుగురులాంటి వెలుగొకటి కదులుతూ కనిపిస్తుంది. ముందుగా చూసినవాళ్లు 'టీమ్‌...' అని కేకపెడతారు. గుడారాల్లో మునగదీసుకుని పడుకున్నవాళ్లు ఆ కేకతో లేచి, బూట్లలో కాళ్లు దూర్చి బయటికి పరుగెడతారు. ఒకరి చేతిలో అట్ట, దానికో కాగితం, పెన్సిలు. పెన్ను పనికిరాదు. సిరా గడ్డకడుతుంది మరి!

వెలుగు దగ్గరికొస్తుంది. అది ఓ మనిషి నుదుటికి కట్టుకున్న దీపం. అతని ముందు జంటలు జంటలుగా డజనుకు పైగా కుక్కలు. వాటి ఊపిరి ఆవిరై మీసాల మీదే మంచులా పేరుకుంది. మనిషి కనుబొమలు తెల్లబడిపోయాయి. మూడురోజులుగా సరిగ్గా నిద్రలేదేమో, నిలబడే తూలుతున్నాడు. ఆ స్థితిలోనే అతను మంచు కరిగించి నీళ్లు కాచాలి. కుక్కలకి వేడివేడిగా వండాలి. ఒక్కో కుక్కకీ నాలుగేసి చొప్పున పాదాల తొడుగులు విప్పాలి. గడ్డి పరవాలి. చుట్టూ అంతమంది ఉన్నారు. అందరూ సాయం చేయాలన్న ఉబలాటంతో సముద్రాలు దాటి వచ్చినవాళ్లే. కానీ ఒక్కరూ చెయ్యి వేయరు.

వేయకూడదు. అది రూలు.

హైదరాబాద్‌ నుంచి దిల్లీ అంత...

ఇడిటరాడ్‌. అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో ఏటా మార్చిలో జరిగే కుక్కబండ్ల పందెం. హైదరాబాద్‌ నుంచి దిల్లీకి రైల్లో వెళ్తే ఎంత దూరమో దాదాపు అంత... సుమారు 1,600 కిలోమీటర్లు. కొండలు ఎక్కి దిగి, గడ్డకట్టిన యూకాన్‌ నది మీద రోజుల తరబడి పరుగెత్తి, బేరింగ్‌ సముద్రం ఒడ్డున ఉన్న నోమ్‌ అనే చిన్న పట్టణం చేరితే పందెం ముగిసినట్టు. 1973లో తొలిసారి నోమ్‌ దాకా జరిగినప్పుడు విజేతకి 20 రోజులు పట్టింది. ఆఖరున చేరినాయనకి 32 రోజులు! ఇప్పుడు బండ్లు, తిండి, తర్ఫీదు అన్నీ మారాయి. 2017లో విజేత ఎనిమిది రోజుల నాలుగు గంటలలోపే నోమ్‌ చేరాడు. ఆడామగా తేడా లేదు. అందరూ కలిసే పరుగెత్తాలి. 1985లో లిబ్బీ రిడిల్స్‌ తొలి మహిళా విజేత అయితే, ఆ తర్వాత సూసన్‌ బుచర్‌ నాలుగుసార్లు గెలిచి మగవాళ్ల నోళ్లు మూయించింది.

బండి తోలేవాళ్లని 'మషర్‌' అంటారు. ఏడాదికి ముప్ఫై మందో నలభై మందో, మహా అయితే ఇంకాస్త ఎక్కువో పోటీలో ఉంటారు. వాళ్ల వెనక పనిచేసే వలంటీర్లు మాత్రం వెయ్యికి పైమాటే. టీచర్లు, నర్సులు, రిటైరైన ఉద్యోగులు, పైలట్లు, పశువైద్యులు. కొందరికి ఇదే మొదటిసారి. ఇంకొందరైతే ఏటా సెలవలన్నీ దీనికోసమే దాచుకుంటారు.

ఊరు లేదు, పేరుంది

ఇడిటరాడ్‌ అనేది నిజానికి ఓ ఊరి పేరు. 1908లో ఆ చుట్టుపక్కల బంగారం దొరికితే జనం వేలల్లో వచ్చిపడ్డారు. బంగారం అయిపోయింది. జనమూ పోయారు. ఇప్పుడక్కడ ఒరిగిపోయిన కొయ్యకట్టడాలు తప్ప కాపురం ఉండేవాళ్లు లేరు. ఆ గనుల ఊళ్లకి చలికాలంలో ఉత్తరాలు మోసుకెళ్లిందీ, బంగారం బయటికి తెచ్చిందీ కుక్కబండ్లే. తర్వాత విమానాలొచ్చాయి. 1960ల్లో స్నోమొబైల్‌ అనే మంచు మోటారుబండి వచ్చింది. పెట్రోలు పోస్తే చాలు, దానికి రోజూ చేపలు వండిపెట్టక్కర్లేదు కదా! పల్లెల్లో పెరళ్ల నిండా ఉండే కుక్కలు ఒక్కో ఇంటా మాయమైపోసాగాయి. ఇదిలాగే సాగితే ఆ జాతీ, ఆ విద్యా రెండూ పోతాయని బెంగపడ్డవాడు జో రెడింగ్టన్‌. అలాస్కాని రష్యా నుంచి అమెరికా కొన్న సంగతికి నూరేళ్లు నిండిన 1967లో, పాత బాట మీద ఓ చిన్న పందెం పెడదామన్న ఆలోచన డరోతీ పేజ్‌ది. ఆ ఇద్దరి పూనికే తర్వాత వెయ్యి మైళ్ల పందెమైంది.

దీనికన్నా జనానికి బాగా తెలిసిన కథ ఇంకోటుంది. 1925 జనవరిలో నోమ్‌లో పిల్లలకి డిఫ్తీరియా సోకింది. మందు దగ్గర్లో లేదు. సముద్రం గడ్డకట్టింది, ఓడలు రావు. ఆనాటి విమానాలు ఆ చలిలో ఎగరలేవు. రైల్లో నెనానా దాకా వచ్చిన మందుపెట్టెని అక్కడినుంచి 20 మంది మషర్లు, 150కి పైగా కుక్కలు చేతులు మార్చుకుంటూ 1,085 కిలోమీటర్లు మోసుకెళ్లారు. ఐదున్నర రోజుల్లో! ఆ 20 మందిలో స్థానిక తెగలవాళ్లే ఎక్కువ. ఆఖరి మజిలీ పరుగెత్తిన బాల్టో అనే కుక్కకి అదే ఏడాది న్యూయార్క్‌ సెంట్రల్‌ పార్కులో విగ్రహం పెట్టారు. అందరికన్నా ఎక్కువ దూరం, అందరికన్నా ప్రమాదకరమైన దారిలో పరుగెత్తిన టోగో పేరు మాత్రం చాలా ఏళ్లదాకా అలాస్కా బయట పెద్దగా ఎవరికీ తెలియలేదు. ఏం చేస్తాం... గడప దాటినవాడికే హారతి!

పడితే... దొర్లాలి!

పందెం సందడి మార్చి మొదటి శనివారం ఆంకరేజ్‌ నగరంలో మొదలవుతుంది. ఊరి నడిబొడ్డున ఫోర్త్‌ ఎవెన్యూ మీద లారీలతో మంచు తెచ్చి పోస్తారు. మన దగ్గర వీధుల్లోంచి బురద ఎత్తిపోస్తే అక్కడ మంచు తెచ్చి వీధిలో పోస్తారన్నమాట. రెండేసి నిమిషాలకో బండి బయల్దేరుతుంది. ఒకటో నంబరు ఎవరికీ ఇవ్వరు. పందేనికి సేవ చేసిన ఎవరో ఒకరి గౌరవార్థం అది అట్టిపెట్టేస్తారు. పోటీదారుల నంబర్లు రెండు నుంచే మొదలు.

కొత్త వలంటీర్లకి దొరికే పనుల్లో ఇక్కడ కుక్కల్ని పట్టుకుని నడిపించడం ఒకటి. అంత తేలికేం కాదు. ముందుగా శిక్షణ తరగతికి హాజరు కావాలి. అలాస్కన్‌ హస్కీలు చూడ్డానికి మన ఊరకుక్కల్లాగే బక్కపల్చగా ఉంటాయి. 'ఇవా వెయ్యి మైళ్లు లాగేది' అనిపిస్తుంది. కానీ మోకు తగిలించగానే వాటికి పూనకం వస్తుంది. గాల్లోకి ఎగురుతాయి. గొంతు చించుకుని అరుస్తాయి. డజను మంది మోకుని గట్టిగా పట్టుకుని కాళ్లు తన్నిపెట్టి ఆపితేగానీ బయల్దేరే గీత దగ్గర నిలబడవు. తరగతిలో చెప్పే ముఖ్యమైన పాఠం ఏంటంటే... కింద పడితే వెంటనే లేవాలని చూడకండి, పక్కకి దొర్లండి. ఎందుకంటే వెనక బండి వస్తుంటుంది!

బండికి పగ్గాలుండవు. అంతా నోటిమాటే. 'జీ' అంటే కుడికి, 'హా' అంటే ఎడమకి. వరసలో అందరికన్నా ముందుండే కుక్క ఆ మాట విని తిరిగితే మిగతావి దాని వెనకే తిరుగుతాయి. మంచుతుపానులో బండి తోలే మనిషికి తన చేయే కనిపించని వేళ దారి పట్టుకునేదీ ఆ ముందుకుక్కే.

ఆంకరేజ్‌లో జరిగేది ఉత్సవమే. లెక్క మొదలయ్యేది మర్నాడు, ఉత్తరాన ఉన్న విల్లో అనే చోట. అక్కడ జనాల కేకలు దాటి బండి అడవిలోకి మళ్లాక మనిషికి తోడు కుక్కలే.

ఆకాశంలో గడ్డిమోపులు

దారి పొడవునా ఇరవైకి పైగా చెక్‌పాయింట్లు. చాలావాటికి రోడ్డు లేదు. రోన్‌ దగ్గర అడవి మధ్య ఓ దుంగల గుడిసె. క్రిపుల్‌ అనేచోట గుడారాలు. అక్కడికి తిండి, గడ్డి, మందులు, మనుషులు అంతా గాల్లోంచే రావాలి. మషర్లు వారాల ముందే మాంసం, చేపలు, కొవ్వు ముక్కలు కోసి, సంచుల్లో కట్టి, ఒక్కో సంచి మీదా పేరూ ఏ చెక్‌పాయింటుకి వెళ్లాలో ఆ ఊరి పేరూ రాసి పంపేస్తారు. పరుగెత్తే కుక్క రోజుకి పదివేల క్యాలరీల దాకా తింటుంది. అంటే ఓ మనిషికి ఐదురోజుల భోజనం!

ఈ సరుకంతా మోసేది 'ఇడిటరాడ్‌ ఎయిర్‌ఫోర్స్‌'. పేరు చూసి యుద్ధవిమానాలు ఊహించుకోవద్దు. చక్రాల బదులు స్కీలు బిగించిన చిన్న చిన్న సొంత విమానాలు. నడిపేవాళ్లూ వలంటీర్లే. వెళ్లేటప్పుడు గడ్డిమోపులు, వచ్చేటప్పుడు కుక్కలు. పైలట్‌ వెనక సీట్లు తీసేసిన చోట అలసిపోయిన హస్కీలు ఒకదాని మీద ఒకటి తలపెట్టి నిద్రపోతుంటాయి. వాతావరణం బాగోకపోతే ఏ విమానమూ లేవదు. రెండురోజులు ఉండొద్దామని వెళ్లిన వలంటీరు వారంపాటు చిక్కుబడిపోవడం మామూలే. అందుకే అనుభవం లేనివాళ్లని అంత లోపలికి పంపరు. ఆంకరేజ్‌లో ఫోన్లు ఎత్తడం, సామాన్లు సర్దడం, కుక్కల్ని పట్టుకోవడం... ఇలా కొన్నేళ్లు చేసి, పెద్దల కళ్లలో పడ్డాకే రోన్‌ లాంటి చోటుకి పిలుపు వస్తుంది.

చలి మైనస్‌ నలభైకి దిగిన రోజులుంటాయి. సెల్సియస్‌, ఫారెన్‌హీట్‌ లెక్కలు రెండూ ఒకటయ్యేది సరిగ్గా ఆ నలభై దగ్గరే. ఏ లెక్కలో చెప్పావని అక్కడ ఎవరూ అడగరు!

బండి రాగానే వలంటీరు పని మొదలు. వచ్చిన వేళ, కుక్కల సంఖ్య రాసుకుని సంతకం తీసుకోవాలి. గొడ్డలి, మంచులో నడిచే చెప్పులు, స్లీపింగ్‌ బ్యాగు, పొయ్యి, కుక్కల పాదాల తొడుగులు... ఇలా బండిలో తప్పకుండా ఉండాల్సిన సామానుల చిట్టా ఒకటుంది. అన్నీ ఉన్నాయో లేదో చూడాలి. ఆగుతారా, వెళ్తారా అని అడగాలి. ఆగుతానంటే ముందుకుక్క మెడపట్టీ పట్టుకుని చోటు చూపించాలి. నీళ్లెక్కడో, సంచులెక్కడో చెప్పాలి. అక్కడితో సరి. ఆ తర్వాత మషర్‌ వేళ్లు కొంకర్లు పోయి ముడి విప్పలేకపోతున్నా చూస్తూ నిలబడాల్సిందే. ఒకరికి చేస్తే అందరికీ చేయాలి. అర్ధరాత్రి వచ్చినవాడికి పదిమంది సాయపడి, తెల్లారి వచ్చినవాడికి ఇద్దరే దొరికితే అది పందెం ఎలా అవుతుంది? న్యాయమే. కానీ సాయం చేయడానికి వచ్చినవాళ్లని చేతులు కట్టుకు నిలబడమనడం... వలంటీరు పనుల్లో అన్నిటికన్నా కష్టమైంది అదే కాబోలు.

గడ్డి పడగానే కుక్కలు అక్కడే రెండు మూడు చుట్లు తిరిగి, ముక్కుని తోకలో దాచుకుని పడుకుంటాయి. నాలుగైదు గంటల తర్వాత లేచి వెళ్లిపోతాయి. అప్పుడు వలంటీర్లు పళ్లకర్రలు తీసుకుని ఆ గడ్డి ఊడ్చి, చోటు శుభ్రం చేసి, వచ్చే జట్టు కోసం సిద్ధం చేస్తారు. పగలూ రాత్రీ ఇదే పని. అన్నట్టు ఇంకో ఉద్యోగం కూడా ఉంది. కుక్కలకి ఉత్ప్రేరకాలేమైనా పెడుతున్నారేమో పరీక్షించడానికి మూత్రం కావాలి కదా! కప్పు పట్టుకుని, కుక్క ఎప్పుడు కాలెత్తుతుందా అని వెంట తిరిగేవాళ్లూ ఉంటారు.

అయితే కష్టమంతా మంచులోనేనా అంటే, కాదు. స్క్వెంట్నాలో వలంటీర్లకీ మషర్లకీ వండిపెట్టే ఆడవాళ్ల బృందానికి దారంతా పేరుంది. టకోట్నా అయితే పట్టుమని వందమంది లేని పల్లె. అక్కడివాళ్లు చేసిపెట్టే తీపి 'పై'ల కోసమే ఆ ఊళ్లో ఆగేవాళ్లున్నారంటే అతిశయోక్తి కాదు. పందెం మొత్తంలో ఎక్కడో ఒకచోట 24 గంటలు తప్పనిసరిగా ఆగాలన్నది నియమం. ఆ విశ్రాంతికి చాలామంది ఎంచుకున్న చోటు టకోట్నాయే.

కుక్క చెప్పదు

పందెంలో యాభైమందికి పైగా పశువైద్యులు పనిచేస్తారు. వేర్వేరు దేశాల నుంచి వచ్చి ఉచితంగా చేస్తారు. పందేనికి ముందే ప్రతి కుక్కకీ రక్తపరీక్ష, ఈసీజీ. చర్మం కింద గుర్తింపు చిప్‌. దారిలో ప్రతి మజిలీలోనూ గుండె, ఊపిరితిత్తులు, ఒంట్లో నీరు, ఆకలి, బరువు చూస్తారు. చూసింది ఓ పుస్తకంలో రాస్తారు. ఆ పుస్తకం మషర్‌ వెంట బండిలోనే ప్రయాణిస్తుంది. ముందు మజిలీ డాక్టరు ఏం రాశాడో చూసి, తర్వాతి మజిలీ డాక్టరు ఆ కాలే, ఆ భుజమే మళ్లీ తడిమి చూస్తాడు.

చిక్కేమిటంటే కుక్క చెప్పదు. లాగడమే దానికి పండగ. భుజం పట్టేసినా, మణికట్టు వాచినా మోకు తగిలిస్తే పరుగెడుతుంది. అందుకే డాక్టర్లు కుక్క నిలబడినప్పటికన్నా నడుస్తున్నప్పుడు, తిండి పెట్టినప్పుడు దాన్ని ఎక్కువ గమనిస్తారు. వాసన చూసి తల తిప్పుకుందా... ఏదో తేడా ఉన్నట్టే. ఇక్కడే మషర్‌కి అసలు పరీక్ష. ఓ కుక్కని ఆపేస్తే దాని బదులు ఇంకోటి కట్టుకోవడానికి లేదు. నోమ్‌ చేరేసరికి కనీసం ఐదు మిగిలి ఉండాలి. గెలుపుకి దగ్గర్లో ఉన్నవాడికి ఒక్కో కుక్కా బంగారమే. నెలల తరబడి దాంతోపాటే పడుకుని లేచినవాడికి దాని నొప్పీ తెలుస్తుంది. ఆ గుడారం ముందు, నుదుటి దీపం వెలుగులో, డాక్టరూ మషరూ ఓ కుక్క ముంగాలు పట్టుకుని తర్జనభర్జన పడే ఆ నాలుగైదు నిమిషాలు ఏ టీవీలోనూ సరిగ్గా కనిపించవు. పందెమంతా ఉన్నది మాత్రం అక్కడే.

ఆపేసిన కుక్కని గొలుసు వరస దగ్గరికి తీసుకొస్తారు. ఇక అది పందెంలో లేదు. అంటే రూలు దానికి వర్తించదు. అప్పటిదాకా చేతులు కట్టుకుని నిలబడ్డ వలంటీరు ఇప్పుడు దాన్ని ముట్టుకోవచ్చు. గడ్డి వేయొచ్చు, తిండి పెట్టొచ్చు, దుప్పటి కప్పొచ్చు. విమానం వచ్చేదాకా ఆ కుక్క వాళ్లదే. ఆంకరేజ్‌ చేరాక దాని మనుషులొచ్చి తీసుకెళ్తారు. ఒకప్పుడైతే దగ్గర్లోని మహిళా జైల్లో ఖైదీలు ఈ కుక్కల్ని చూసుకునేవారు.

డొరాడో

2013 మార్చిలో జరిగింది ఇది. సముద్రతీరంలోని ఉనలక్లీట్‌లో డొరాడో అనే కుక్క గొలుసు వరసలో విమానం కోసం ఎదురుచూస్తోంది. దాన్ని అప్పటికే పందెం నుంచి తప్పించారు. పరుగు లేదు, బరువు లేదు. ఇంటికెళ్లడమే మిగిలింది. గాలి విపరీతంగా వీస్తోంది. విమానాలు లేవలేదు. రాత్రి వలంటీర్లు వెళ్లి కుక్కల్ని చూసొచ్చారు. తెల్లారి మళ్లీ వెళ్లేసరికి గాలి తెచ్చిపోసిన మంచు వాటిని కప్పేసింది. తవ్వితే మిగతావి లేచి ఒళ్లు విదిలించుకున్నాయి. డొరాడో లేవలేదు. ఊపిరాడక చనిపోయిందని శవపరీక్షలో తేలింది.

పరుగెత్తుతూ కుక్క చనిపోతే ఆ ప్రశ్న మషర్‌కి. డొరాడో మాత్రం వలంటీర్ల చేతిలో ఉండగా పోయింది. తాకొద్దన్నంతసేపూ బాగానే ఉన్న కుక్క, తమ చేతికొచ్చాక పోవడం... గడ్డి ఎత్తడానికని ఎక్కణ్నుంచో వచ్చినవాళ్లకి అంతకన్నా ఏం శిక్ష ఉంటుంది? ఆ తర్వాత కుక్కల కోసం ఉనలక్లీట్‌, మెక్‌గ్రాత్‌లలో గూళ్లు కట్టిస్తామనీ, వాటిని వెనక్కి చేర్చే విమానాలు పెంచుతామనీ, గస్తీ ఎక్కువ చేస్తామనీ నిర్వాహకులు ప్రకటించారు.

రూలు, దయ ఒకదానికొకటి ఎదురుపడ్డ సందర్భాలూ లేకపోలేదు. 2022లో తీరం మీద తుపాను చెలరేగితే ముగ్గురు మషర్లు తమ కుక్కల్ని దారిపక్క గుడిసెల్లోకి తీసుకెళ్లి కాపాడుకున్నారు. పందెంలో ఉన్న కుక్కల్ని లోపలికి తేకూడదన్నది నియమం. వాళ్ల ఉద్దేశం మంచిదేనంటూనే, బయట ఉన్నవాటికన్నా ఆ కుక్కలకి మంచి విశ్రాంతి దొరికిందని నిర్వాహకులు ఒకరిని 14వ స్థానం నుంచి 17కి దించారు. మిగతా ఇద్దరికి జరిమానా వేశారు. తప్పు చేశారా, ఒప్పు చేశారా అని అలాస్కాలో చాలా రోజులు వాదించుకున్నారు.

అసలు ఈ పందెమే వద్దనేవాళ్ల గొంతూ గట్టిదే. మొదలైనప్పటినుంచీ 150కి పైగా కుక్కలు చనిపోయాయన్నది జంతు హక్కుల సంఘాల లెక్క. 2024లో మూడు, 2025లో ఒకటి చనిపోయాయి. వాళ్ల ఒత్తిడికి కొన్ని పెద్ద కంపెనీలు స్పాన్సర్‌షిప్‌ మానుకున్నాయి. ఖర్చులు పెరిగాయి. 2023లో బరిలో నిలిచింది 33 మంది. చరిత్రలో అదే అతి తక్కువ. వలంటీర్లలో ఈ ప్రశ్నకి కళ్లు మూసుకున్నవాళ్లు ఉండొచ్చు. కానీ గొలుసు వరస దగ్గర ఒక్క రాత్రి కాపలా కాసినవాళ్లకి ఆ లెక్కలు వట్టి అంకెలుగా మాత్రం కనిపించవు.

మంచు రైలెక్కింది

ఇంకో దెబ్బ వాతావరణం నుంచి. 2016లో ఆంకరేజ్‌ వీధిలో పోయడానికి మంచు చాలక, ఉత్తరాన ఉన్న ఫెయిర్‌బ్యాంక్స్‌ నుంచి రైల్లో తెప్పించారు. అలాస్కాకి మంచు అరువు! 2003, 2015, 2017, 2025... ఈ నాలుగేళ్లూ దారిలో మంచు సరిపోక పందేన్ని ఫెయిర్‌బ్యాంక్స్‌ నుంచే మొదలుపెట్టాల్సి వచ్చింది. బాట మారితే ఊళ్లూ మారతాయి. ఆ ఏడాదుల్లో స్క్వెంట్నా వైపుగానీ, టకోట్నా వైపుగానీ బండ్లు రాలేదు. ఏడాదికోసారి తలుపు తట్టే చుట్టాలు రాని సంక్రాంతి ఎలా ఉంటుందో అలాగన్నమాట.

కొవిడ్‌ కాలంలో అయితే ఊళ్లే వద్దన్నాయి. 2020లో పందెం సగంలో ఉండగా మహమ్మారి ముంచుకొచ్చింది. షక్తూలిక్‌ పల్లెవాళ్లు చెక్‌పాయింటుని ఊరి బయటికి మార్పించారు. 2021లో పందెం నోమ్‌ దాకా వెళ్లనే లేదు. పాత ఇడిటరాడ్‌ ఊరి దాకా వెళ్లి వెనక్కి తిరిగొచ్చేసింది. ఒకనాడు మందు మోసుకెళ్లిన కుక్కబండ్ల పేరు చెప్పుకునే పందెం, రోగం మోసుకెళ్తుందేమోనని ఆగిపోయింది. 1918 ఫ్లూ ఆ తీరంలో పల్లెలకి పల్లెల్నే ఊడ్చేసింది. ఆ భయం వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు.

సైరన్‌ మోగితే...

నోమ్‌కి మిగతా రాష్ట్రంతో కలిపే రోడ్డు లేదు. నాలుగువేలలోపు జనాభా. పందెం ముగిసే రోజుల్లో మాత్రం ఊరు ఊరంతా తిరునాళ్లే. చుట్టుపక్కల పల్లెల జట్లతో బాస్కెట్‌బాల్‌ పోటీలు, గడ్డకట్టిన సముద్రం మీద గోల్ఫ్‌! బండి దగ్గరపడగానే సైరన్‌ మోగుతుంది. రాత్రి రెండైనా, పగలు రెండైనా జనం కోట్లు తగిలించుకుని ఫ్రంట్‌ స్ట్రీట్‌లో చెక్కతోరణం దగ్గరికి వచ్చేస్తారు. 1978లో ఇక్కడే ఇద్దరు మషర్లు 14 రోజులు పరుగెత్తి, ఒక్క సెకను తేడాతో పందెం తేల్చుకున్నారు.

విజేత ఫొటోలు మర్నాటి పత్రికల్లో వచ్చేస్తాయి. టీవీవాళ్లు సర్దుకుని వెళ్లిపోతారు. వలంటీర్లకి మాత్రం సగం పనే అయినట్టు. పరుగు ముగించిన కుక్కల ఆవరణలో రాత్రింబవళ్లు కాపలా ఉండాలి. వెనక దారిలో ఇంకా బండ్లున్నాయి. చివరి బండి వెనకాలే స్నోమొబైళ్ల మీద మరికొందరు వలంటీర్లు వస్తుంటారు, ఎవరూ దారిలో మిగిలిపోకుండా. ఆ బండి దాటిన చెక్‌పాయింట్లు ఒక్కోటీ మూతపడతాయి. గడ్డి ఊడుస్తారు. గుడారాలు విప్పుతారు. వాతావరణం బాగుంటే విమానం వస్తుంది, లేకపోతే మళ్లీ ఎదురుచూపులే.

పందెం మొదలైన రోజున నోమ్‌ తోరణానికి ఓ లాంతరు వెలిగించి వేలాడదీస్తారు. దాన్ని 'వితంతువు దీపం' అంటారు. వెనకటికి కుక్కబండి దారిలో ఉందంటే మజిలీ ఇళ్ల బయట దీపం పెట్టేవారట, మనిషి క్షేమంగా చేరేదాకా ఆర్పేవారు కాదట. ఆఖరున వచ్చినవాళ్లకి 'రెడ్‌ లాంతర్‌' అని ఓ బహుమతీ ఉంది. ఒకప్పుడు వెక్కిరింపుగా మొదలైందిగానీ, ఇప్పుడు పట్టువిడవనందుకు ఇచ్చే మర్యాద.

విజేత వచ్చిన నాలుగైదు రోజులకి, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, చివరి బండి ఊళ్లోకి వస్తుంది. అప్పుడూ సైరన్‌ మోగుతుంది. ఇంకా ఊళ్లో మిగిలిన వలంటీర్లు, నాలుగు కుటుంబాలు, కొందరు స్కూలు పిల్లలు తోరణం దగ్గరికి చేరతారు. కుక్కల్ని లెక్కపెట్టి, కాగితం మీద సంతకం తీసుకుంటారు. ఆ మషరే చేయెత్తి లాంతరు ఆర్పేస్తారు. పెన్సిలు జేబులో పెట్టుకుని వలంటీరు ముందుకుక్క మెడపట్టీ పట్టుకుంటాడు. ఆవరణలో కొత్త గడ్డి పరిచి ఉంటుంది.